తమ్ముడి కంట్రోలర్‌ను కంప్యూటర్‌కు కలపడానికి నాకు పట్టిన 14 రోజులు

ఆగస్టు 17, ఆదివారం సాయంత్రం. హైదరాబాద్ నుంచి నల్లగొండకు వస్తుంటే నార్కట్‌పల్లి దగ్గర మా తమ్ముడి బండి జారింది. కుడికాలి ఎముక విరిగింది. రాడ్ వేసి, ఆరు వారాలు ఆ కాలు నేలకు మోపొద్దన్నారు. ఆ కథ వేరే. ఆ ఆరు వారాల నడుమ వాడి గేమ్ కంట్రోలర్‌ను, అంటే చేతిలో పట్టుకుని బటన్లు నొక్కుతూ గేమ్ ఆడే పరికరాన్ని, ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కు కలపడానికి నేను పడిన పాట్లు రాస్తున్నాను. పని అయి వారం కూడా కాలేదు, అన్నీ గుర్తున్నాయి. ఈ పనిలోకి దిగేవాళ్లు ఎవరైనా ఉంటే నాలాగా రోజులు పోగొట్టుకోవద్దని నా ఆశ.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తాను. పొద్దున బస్సెక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. గేమ్‌ల సంగతి నాకు ఏమీ తెలియదు. తమ్ముడికి మాత్రం పీఎస్ 4 అంటే ప్రాణం. ప్లేస్టేషన్ 4 అన్నమాట, టీవీకి కలిపి గేమ్‌లు ఆడే పెట్టె. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంలో, సెకండ్ హ్యాండ్‌లో, రెండు కంట్రోలర్లతో కలిపి కొనుక్కున్నాడు. మే నెలలో ఒక రాత్రి గాలిదుమారం లేచి కరెంటు పోతూ వస్తూ ఉంటే ఆ పెట్టె ఆగిపోయింది, మళ్లీ ఆన్ కాలేదు. రిపేరుకు తొమ్మిది వేలు అడిగారు. తర్వాత చూద్దాంలే అని వాడు దాన్ని అల్మారాలో పెట్టేశాడు. ఇంట్లో వాడి బీటెక్ నాటి కంప్యూటర్ ఉంది, విండోస్ 10, చిన్న గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది. దాని మీద నేను అప్పుడప్పుడు ట్యాలీ పని చేసుకుంటాను.

సెప్టెంబర్ 6న వినాయక నిమజ్జనం. మా గల్లీ కుర్రాళ్లంతా వచ్చి వాడిని పలకరించి డప్పుల వెంట వెళ్లిపోయారు. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడు వారాలుగా మంచం, ఫోను, మళ్లీ మంచం. అడిగితే "మంచిగనే ఉన్న అక్కా" అంటాడు. ఏదైనా కావాలని అడిగి ఉంటే నాకు అంత బాధ అనిపించేది కాదేమో.

మర్నాడు ఆదివారం, సెప్టెంబర్ 7. అల్మారా సర్దుతుంటే కంట్రోలర్లు కనిపించాయి. పెట్టె పోయినా ఇవి బాగానే ఉన్నాయి కదా, కంప్యూటర్‌కు కలపొచ్చా అని అడిగాను. "కలుస్తది అక్కా, వైర్ పెడితే చాలు" అన్నాడు. పడుకున్నవాడు మోచేతుల మీద కొంచెం లేచాడు. ఆ లేవడం చూశాక ఎట్లాగైనా ఈ పని చేసి తీరాలనుకున్నాను.

పీఎస్ 4 కంట్రోలర్‌కు ఉండేది పాత ఫోన్లలో ఉండే చిన్న పిన్ను, మైక్రో యూఎస్‌బీ. ఇప్పుడు మా ఇంట్లో అన్నీ సీ టైప్ ఫోన్లే. వెతికితే నాయిన పాత ఫోను వైరు ఒకటి దొరికింది. ఒక కొస కంట్రోలర్‌కు, ఇంకో కొస సీపీయూకు పెట్టాను. కంట్రోలర్ ముందువైపు ఉన్న లైటు నారింజ రంగులో మెల్లగా వెలుగుతూ ఆరుతూ ఉంది. నాకు ఎంత సంతోషమైందో! కానీ కంప్యూటర్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. పెన్‌డ్రైవ్ పెడితే వచ్చే టింగ్‌మనే చప్పుడు కూడా లేదు. ముందు పోర్టు, వెనక పోర్టు, ఉన్నవన్నీ మార్చి చూశాను. రీస్టార్ట్ చేశాను. రెండో కంట్రోలర్ పెట్టాను. దానికీ అదే నారింజ లైటు, అదే నిశ్శబ్దం. ఆ రాత్రి చంద్రగ్రహణం. పట్టకముందే తినాలని అమ్మ తొందరపెట్టింది. కంచం ముందు కూర్చున్నా నా మనసు ఆ లైటు మీదే ఉంది.

ఇక్కడే నేను పొరపాటు పడ్డాను. లైటు వెలుగుతోంది కాబట్టి వైరు మంచిదే, లోపం కంట్రోలర్‌లోనే ఉందని నిర్ణయించుకున్నాను. రెండు కంట్రోలర్లూ ఒకేసారి ఎట్లా పాడవుతాయి అని ఆలోచించనే లేదు. ఆ కరెంటు పోటుకు పెట్టెతో పాటు ఇవి కూడా పోయాయనుకున్నాను.

సోమవారం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు క్లాక్ టవర్ దగ్గర దిగి, ఒక రిపేరు షాపులో ఒక కంట్రోలర్ ఇచ్చాను. అతను తన వైరు పెట్టి చూశాడు. "ఛార్జింగ్ ఎక్కుతుంది మేడం, లోపల బోర్డు చూడాలె, రెండు రోజులు పడ్తది" అన్నాడు. రెండు రోజులు మూడయ్యాయి. గురువారం వెళ్తే బోర్డు ఖరాబైంది, కొత్తది కొనుక్కోండి అని చేతిలో పెట్టాడు. చూసినందుకు 150 రూపాయలు. అతను దాన్ని కంప్యూటర్‌కు పెట్టి చూశాడా అని నేను అడగలేదు. అడగాల్సింది. షాపులో కంప్యూటర్ ఉన్నట్టే నాకు గుర్తు లేదు.

బస్సులో వెళ్తూ కొత్త కంట్రోలర్ ధర చూశాను. ఒరిజినల్ అయితే ఐదు వేలు దాటుతోంది. హాస్పిటల్ బిల్లులు కట్టిన నెలలో ఐదు వేలంటే మామూలు మాట కాదు. తక్కువ ధరలో అచ్చం అట్లాగే కనిపించే నకిలీలు బోలెడు ఉన్నాయి. ఇంచుమించు ఆర్డర్ పెట్టేదాన్నే. చేయి ఎందుకో ఆగింది. ఇంటికి వెళ్లి వాడికి ఏం చెప్పాలా అని అదొక టెన్షన్.

శుక్రవారం రోజంతా వాడికి ఏమీ చెప్పలేదు. శనివారం, సెప్టెంబర్ 13 పొద్దున, చెప్పాను. వాడు కంట్రోలర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత అడిగిన మాట ఒక్కటే.

"అక్కా, నువ్వు పెట్టిన గా వైర్‌తోటి ఎన్నడన్న ఫోన్ల ఫొటోలు కంప్యూటర్‌లకు ఎక్కిచ్చినవా?"

ఎప్పుడూ ఎక్కించలేదు. నాయిన పాత ఫోనుకు అదే వైరు పెట్టి కంప్యూటర్‌కు కలిపాం. ఫోను ఛార్జింగ్ అవుతున్నట్టు చూపించింది, అంతే. ఫైళ్లు పంపాలా అని అడిగే మెసేజీ రాలేదు. అంటే అది ఛార్జింగ్ వైరు. మామూలు యూఎస్‌బీ వైరులో నాలుగు తీగలుంటాయట. రెండు కరెంటుకు, రెండు డేటాకు. చవకగా చేసే ఛార్జింగ్ వైర్లలో డేటా తీగలు రెండూ ఉండవు. బయటి నుంచి చూస్తే తేడా ఏమీ తెలియదు. కంట్రోలర్‌కు కరెంటు అందుతోంది కాబట్టి లైటు వెలిగింది. అది చెప్పే మాట మాత్రం కంప్యూటర్ దాకా చేరే దారే లేదు. ఆరు రోజులు, 150 రూపాయలు, నాకు పట్టని నిద్ర, అన్నీ ఆ రెండు తీగల కోసం పోయాయి. నాకు ఏడుపొచ్చింది. తమ్ముడు మాత్రం నవ్వుతున్నాడు. చాలా రోజుల తర్వాత.

ఆ మధ్యాహ్నమే ప్రకాశం బజార్‌కు వెళ్లాను. ఇప్పుడు చిన్న పిన్ను వైరు దొరకడం కూడా కష్టమే. మొదటి షాపులో సీ టైప్ తప్ప లేవన్నారు. రెండో షాపులో 60 రూపాయల వైరు తీసి "అన్నిటికీ పనిచేస్తది" అన్నారు. నేను ఈసారి నాయిన పాత ఫోను సంచిలో వేసుకుని వెళ్లాను. మీ కంప్యూటర్‌కు ఒకసారి పెట్టి చూపిస్తారా అని అడిగితే, ఫోను ఛార్జింగ్ అయింది గానీ ఫైళ్ల మాట రాలేదు. అదీ ఛార్జింగ్ వైరే. ఆ షాపాయన పాపం తనకే తెలియదన్నాడు. మూడో షాపులో 120 రూపాయల వైరు. పెట్టగానే ఫోను తెర మీద ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని వచ్చింది. డబ్బులిచ్చి ఆటో ఎక్కాను. వైరు కొనడానికి వెళ్లేటప్పుడు అట్లా ఒక పాత ఫోను వెంట తీసుకువెళ్లడం ఎంతో మేలు. షాపులో వాళ్లు చెప్పే మాట కంటే అది నమ్మకం.

సాయంత్రం ఐదింటికి వైరు పెట్టాను. టింగ్!

ఆ చప్పుడుకు వంటింట్లోంచి అమ్మ కూడా వచ్చింది. తెర మీద పేరు "వైర్‌లెస్ కంట్రోలర్" అని వచ్చింది. వైరు పెట్టినా దాని పేరు అదే, కంగారు పడొద్దు. స్టార్ట్‌లో "గేమ్ కంట్రోలర్స్" అని వెతికితే చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో ప్రాపర్టీస్ నొక్కితే, కంట్రోలర్ మీద ఏ బటన్ నొక్కితే ఆ నంబరు వెలుగుతుంది. గేమ్ తెరిచే ముందు ఇక్కడ చూసుకోవడం మంచిది. రిపేరు షాపువాళ్లు బోర్డు పోయిందన్న కంట్రోలర్‌నే పెట్టాం. బటన్లు అన్నీ వెలిగాయి, బొటనవేళ్లతో తిప్పే పుల్లలు రెండూ నాలుగు దిక్కులా తిరిగాయి. తమ్ముడు మంచం మీద నుంచి చెప్తుంటే నేను ఒక్కొక్కటీ నొక్కాను. రెండో కంట్రోలర్ కూడా బాగానే ఉంది.

ఒక వింత ఏమిటంటే, అదే నిమిషం నుంచి కంప్యూటర్ స్పీకర్లు మూగబోయాయి. కంట్రోలర్‌కు ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉంటుంది కదా, అందుకని విండోస్ దాన్ని కూడా ఒక స్పీకర్ అనుకుని సౌండు అటు మళ్లించింది. కింద మూలన స్పీకర్ గుర్తు నొక్కి మళ్లీ పాత స్పీకర్లను ఎంచుకుంటే సరిపోయింది. తెలియకపోతే దీనికీ ఒక రోజు పోయేది.

ఆదివారం 14న గేమ్ పెట్టాం. ముందు తమ్ముడు ఎప్పుడో వేసుకున్న పాత క్రికెట్ గేమ్. అందులో కంట్రోలర్ ఉన్నట్టే లేదు. నా గుండె మళ్లీ జారింది. ఈసారి తమ్ముడికి తెలుసు. కంప్యూటర్ గేమ్‌లలో చాలావరకు ఎక్స్‌బాక్స్ అనే ఇంకో గేమ్ పెట్టె కంట్రోలర్‌ను దృష్టిలో పెట్టుకుని చేస్తారట. దాని భాష వేరు, ప్లేస్టేషన్ దాని భాష వేరు. విండోస్‌కు మన కంట్రోలర్ కనిపిస్తుంది, ఆ గేమ్‌కు అర్థం కాదు. నడుమ ఒక దుబాసీ కావాలి. దానికి డీఎస్4విండోస్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది వేస్తే మొదటిసారి ఒక డ్రైవర్ (దానికి తోడుగా ఉండే చిన్న ప్రోగ్రామ్) వేయమని అడుగుతుంది, సరే అనాలి. ఆ తర్వాత గేమ్‌కు మన కంట్రోలర్ ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌లాగా కనిపిస్తుంది. అందుకే తెర మీద "ఏ నొక్కండి" అని వస్తుంది, మన చేతిలో ఉన్నదాని మీద ఏ అనే బటనే ఉండదు. ఏ అంటే ఇంటూ గుర్తు, బీ అంటే సున్నా, ఎక్స్ అంటే చతురస్రం, వై అంటే త్రిభుజం. కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించాను. నాకోసమే, వాడికి అక్కర్లేదు.

క్రికెట్ ఆడింది. తర్వాత స్టీమ్‌లో, అంటే కంప్యూటర్ గేమ్‌లు దొరికే ప్రోగ్రామ్‌లో, ఉచితంగా దొరికే ఫుట్‌బాల్ గేమ్ పెడితే ఇంకో తిరకాసు. మెనూలో ఒక్కసారి కిందికి నొక్కితే రెండు మెట్లు దిగుతోంది. కంట్రోలర్ పాతదైపోయి బటన్ అట్లా కొడుతోందేమో అనుకున్నాను. కాదు. స్టీమ్‌లోనే ప్లేస్టేషన్ కంట్రోలర్‌కు సపోర్టు ఉంటుంది. దాని సెట్టింగ్స్‌లో కంట్రోలర్ అనే చోట ఆన్ చేసుకోవచ్చు. మేము అదీ ఆన్ చేశాం, డీఎస్4విండోస్ కూడా నడుస్తోంది. ఇద్దరు దుబాసీలు ఒకే మాటను రెండుసార్లు చెప్తున్నారు. స్టీమ్ గేమ్ ఆడేటప్పుడు డీఎస్4విండోస్ పూర్తిగా మూసేయాలి. మూసేశాక సరైంది.

మొదటి మ్యాచ్ పన్నెండో నిమిషంలో కరెంటు పోయింది. మాకు యూపీఎస్ లేదు.

అంతా బాగానే ఉంది గానీ అసలు చిక్కు వైరు పొడుగు. మీటరు వైరు. కంప్యూటర్ బల్ల కిటికీ దగ్గర, తమ్ముడి మంచం ఎదురు గోడకు. మధ్య పన్నెండు అడుగులు. ఆ ఆదివారం వాడిని చక్రాల కుర్చీలో బల్ల దగ్గర కూర్చోబెట్టాం. అరగంటకే కాలు వాచి ముఖం పీక్కుపోయింది. "ఇంక చాలు అక్కా, పర్వాలేదు" అన్నాడు. వాడి ఆట మంచం మీద నుంచే జరగాలి. అంటే బ్లూటూత్ కావాలి. మా కంప్యూటర్‌లో బ్లూటూత్ లేదు.

సోమవారం రాత్రి యూఎస్‌బీ బ్లూటూత్ డాంగిల్ ఆర్డర్ పెట్టాను, అంటే కంప్యూటర్‌కు గుచ్చితే బ్లూటూత్ వచ్చే ముక్క. 399 రూపాయలు. మూడు రోజులు ఎదురుచూపు. గురువారం 18న వచ్చింది, గోరంత వస్తువు. పెట్టగానే విండోస్ గుర్తుపట్టింది. కంట్రోలర్‌ను జత చేయడానికి షేర్ అనే చిన్న బటన్‌ను, నడుమ ఉన్న పీఎస్ బటన్‌ను కలిపి ఒకేసారి నొక్కి పట్టుకోవాలి. ముందువైపు లైటు టపటపా రెండేసి సార్లు మెరవడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా వదలొద్దు. నేను మొదట రెండు సెకన్లకే వదిలేశాను, జాబితాలో పేరు రాలేదు. తర్వాత లైటు మెరిసేదాకా పట్టుకుంటే "వైర్‌లెస్ కంట్రోలర్" అని వచ్చింది, నొక్కితే కలిసింది.

రెండో కంట్రోలర్ ఎంతకీ కలవలేదు. దాని మనసు ఇంకా ఆ చెడిపోయిన పెట్టె మీదే ఉన్నట్టుంది అన్నాడు తమ్ముడు. వెనకవైపు, ఎల్2 బటన్ దగ్గర స్క్రూ పక్కన సూదిమొన పట్టే రంధ్రం ఉంటుంది. అందులో లోపల చిన్న బటన్, అదే రీసెట్. నా చీర కొంగుకు ఉన్న పిన్నీసు తీసి ఐదు సెకన్లు నొక్కి పట్టాను. లోపల మెత్తగా క్లిక్‌మన్నది చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత మొదటి ప్రయత్నంలోనే కలిసింది.

ఇంక అయిపోయిందనుకున్నాను. మంచం మీద నుంచి ఆడితే ఆటగాడు తెగ పరుగెత్తుతున్నాడు, వేలు తీసినా ఆగడు. కాసేపటికి కంట్రోలర్ కనెక్షన్ తెగిపోతుంది, మళ్లీ కలుస్తుంది. వాడి ముఖంలో విసుగు కనిపించింది. రెండు రాత్రులు దీనితోనే పోయాయి. సీపీయూ బల్ల కింద ఉంది, డాంగిల్ దాని వెనక గోడవైపు ఉంది. పక్కనే నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో తమ్ముడి హార్డ్ డిస్క్ ఉంది. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. యూఎస్‌బీ 3.0 పరికరం పనిచేసేటప్పుడు సరిగ్గా ఆ చుట్టుపక్కలే రేడియో రొద పుడుతుంది. పక్కన అంత రొద ఉంటే డాంగిల్‌కు కంట్రోలర్ మాట ఎట్లా వినపడుతుంది? పైగా నడుమ ఇనుప డబ్బా. శనివారం 130 రూపాయలు పెట్టి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చాను. డాంగిల్‌ను బల్ల మీదికి, మంచానికి ఎదురుగా తెచ్చి టేపుతో అంటించాను. హార్డ్ డిస్క్ తీసేశాను. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తెగలేదు.

మొత్తం ఖర్చు 799 రూపాయలు, ఆటో డబ్బులు కాకుండా. అందులో రిపేరు షాపు 150 తీసేస్తే అసలు కావలసింది 649.

ఇంకొక్క మాట. బ్లూటూత్‌తో ఆడాక కంప్యూటర్ వద్ద నుంచి లేచేముందు కంట్రోలర్‌ను మనమే ఆపాలి. పీఎస్ బటన్ పది సెకన్లు నొక్కి పడితే లైటు ఆరుతుంది. మొదటి రాత్రి అట్లాగే వదిలేస్తే పొద్దునకు బ్యాటరీ ఖాళీ. వీటి బ్యాటరీ పాతబడింది, మూడు గంటలకు మించి రావడం లేదు. అందుకే ఒకటి ఆడుతుంటే ఇంకొకటి కంప్యూటర్‌కే ఛార్జింగ్ పెడుతున్నాం. ఆ 120 రూపాయల వైరుకు అమ్మ గుర్తుగా ఎర్ర దారం కట్టింది, ఎవరూ ఫోనుకు వాడకుండా.

20వ తేదీ శనివారం రాత్రి. మర్నాడు ఎంగిలిపూల బతుకమ్మ, అమ్మ బయట గునుగు పూలు కట్టలు కడుతోంది. తమ్ముడు రెండు దిండ్లు వెనక పెట్టుకుని, కాలు చాపుకుని ఆడుతున్నాడు. గోల్ పడ్డప్పుడు కంట్రోలర్ చేతిలో వణుకుతుందట. పెట్టె పోయిన తర్వాత ఆ వణుకు మళ్లీ ఇదే మొదలు అన్నాడు. నేను మంచం అంచున కూర్చుని చూస్తున్నాను. రెండో కంట్రోలర్ తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు నా టీమే అక్కా. ఇంటూ గుర్తు నొక్కు, బాల్ నాకొస్తది."

నొక్కాను. బాల్ వాడికే వెళ్లింది.